పన్నెండు బారల తాడు

ఆ ఊళ్ళో పన్నెండు బారలకు మించిన తాడు లేదు.

ఊరు రాతిమిట్ట మీద ఉండేది. మిట్టకంతటికీ ఒకటే బావి. అందులో నీళ్ళు నలభై ఎనిమిది బారల లోతున ఉండేవి. రెండు చేతులూ బారజాపితే ఎంతో, అది ఒక బార. కాబట్టి ఆ ఊళ్ళో ఏ ఇల్లూ ఒంటరిగా గుక్కెడు నీళ్ళు తోడుకోలేదు. నాలుగిళ్ళ వాళ్ళు నాలుగు తాళ్ళు తెచ్చి, ముడేసి, అప్పుడు బొక్కెన దింపాలి. ముడి గిలక దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకరు తాడు బిగపట్టుకుంటే ఇంకొకరు దాన్ని గిలక మీదుగా దాటించాలి.

ఇందువల్ల ఆ ఊళ్ళో పోట్లాటలు ఉండేవి కావనుకునేరు. దండిగా ఉండేవి. కాకపోతే కుండ ఖాళీ అయ్యేదాకానే ఉండేవి. పొద్దున జుట్టూ జుట్టూ పట్టుకున్న తోడికోడళ్ళు సాయంత్రం బావి దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే తాళ్ళు కలిపేవారు.

పన్నెండు బారలే ఎందుకంటే, ఊళ్ళో తాళ్ళు పేనే ఇల్లు కూడా ఒకటే. ఆ ఇంటి పెరట్లో ఒక చివర రాతి గుంజ, ఇంకో చివర పెద్ద బండ, మధ్యన పన్నెండు బారల చోటు. గుంజకు కిత్తనార కట్టి, పేనుకుంటూ వెనక్కి నడుస్తూ పోతే, బండ వీపుకు తగిలేసరికి తాడు పూర్తయ్యేది. తాళ్ళు పేనేవాడి తాత వీపుకూ ఆ బండే తగిలింది, తండ్రి వీపుకూ ఆ బండే తగిలింది. ఊరి కట్టుబాటు బండ వల్ల వచ్చిందో, కట్టుబాటును చూసి బండ అక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు.

తాళ్ళు పేనేవాడు నెమ్మదైన మనిషి. మూడు పురులు, అంటే పేనిన మూడు పాయలు, లేనిది తాడే కాదనేవాడు. పురులు తీసేది అతను, కొస పట్టుకుని మెలి తిప్పేది అతని భార్య. తాడు తయారయ్యాక ఆమె కళ్ళు మూసుకుని దాన్ని వేళ్ళ మధ్య నుంచి లాగి చూసేది. పురి ఎక్కడ సన్నబడితే అక్కడ వేలు ఆగేది. వేలు ఆగిన తాడు ఆ గడప దాటేది కాదు.

ఒక ఎండాకాలం, కింది ఊళ్ళో దాహజ్వరం వచ్చిందని కబురొచ్చింది. ఆ జ్వరం వచ్చినవాళ్ళకి ఒళ్ళు కాలిపోతుంది, నాలుక పిడచ కట్టుకుపోతుంది. దానికి మందు లేదు. తొమ్మిది రోజులు ఆపకుండా నీళ్ళు తాగిస్తే మనిషి లేచి కూర్చుంటాడు. నీళ్ళు ఆగితే మనిషీ ఆగిపోతాడు.

దండోరా వేసేవాడు వీధి మొగలో నిలబడి డప్పు కొట్టాడు.

"మనిషికీ మనిషికీ నాలుగు బారల ఎడం ఉండాలహో. ఒకరి చెయ్యి తగిలినదానికి ఇంకొకరి చెయ్యి తగలరాదహో."

ఊరంతా విన్నది. విన్నాక అందరికీ ఒకేసారి ఒకటే గుర్తొచ్చింది. ముడి. దాన్ని వేసేది ఒక చెయ్యి, దాటించేది ఇంకో చెయ్యి, విప్పేది మూడో చెయ్యి.

డప్పు చప్పుడు పూర్తిగా ఆగకముందే, ఊరికంతటికీ మేడ ఉన్న ఒకే ఒక్క మనిషి, పెద్దింటాయన, తాళ్ళు పేనేవాడి పెరటి గోడ దగ్గర నిలబడ్డాడు.

"నలభై ఎనిమిది బారల తాడొకటి కావాలోయ్," అన్నాడు.

"అంత తాడు మా పెరట్లో పట్టదయ్యా."

"పట్టేట్టు చూడు. మా అమ్మ ముసల్ది. పదిమంది చేతులు తగిలిన నీళ్ళు ఆవిడ గొంతులో పొయ్యలేను."

తల్లి మాట ఎత్తేసరికి అతను కాదనలేకపోయాడు. పన్నెండు బారలు పేని, పేనినంత మేర గుంజకు చుట్టేసి, మళ్ళీ బండ దాకా పేనాడు. అలా నాలుగుసార్లు. తాతముత్తాతలకు తోచని ఉపాయం ఒక్క పూటలో తోచింది. భయం వేస్తే బుర్ర బాగానే పనిచేస్తుంది, ఎటువైపు పనిచేస్తుందన్నదే చూసుకోవాలి.

మర్నాడు పొద్దున పెద్దింటాయన ఒక్కడే బావి దగ్గరికి వెళ్ళాడు. ఎవరినీ పిలవలేదు, ఎవరికోసమూ ఆగలేదు. ఒక్క ముడి లేకుండా బొక్కెన దింపి, నింపుకుని, ఇంటికి పోయాడు. వీధిలో ప్రతి గుమ్మంలోంచీ ఎవరో ఒకరు ఆ బొక్కెన వెళ్ళినంత మేరా చూశారు.

మధ్యాహ్నానికి తాళ్ళు పేనేవాడి సందు నిండిపోయింది. నాలుగు బారల ఎడం పాటిస్తూ నిలబడ్డారు కనక వరస కొండవీటి చేంతాడై, ఊరి బయట రాళ్ళగుట్ట దాకా పోయింది. ఎండలో నిలబడి నిలబడి అందరికీ కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఒక్కరూ ఇంటికి పోలేదు. ముందున్నవాడు కదిలితే వెనకున్నవాడి గుండె కదిలేది.

"ఒక తాడు చాలదూ?" అని అడిగాడు తాళ్ళు పేనేవాడు, ఒకామెను.

"తెగితేనో?"

"సరే, రెండు."

"రెండూ తెగితేనో?"

తాడూ బొంగరం లేనివాడని ఊళ్ళో పేరున్న ఒక బ్రహ్మచారి అయిదు తాళ్ళు చెప్పి పోయాడు. అతనికి బొక్కెన కూడా లేదు. మరెందుకని అడిగితే, "ఇంతమంది కొంటున్నారంటే వాళ్ళకేదో తెలిసే ఉంటుంది గదా," అన్నాడు. అతని వెనక నిలబడ్డవాడు ఆ మాట విని తన రెంటిని నాలుగు చేశాడు.

వారం తిరిగేసరికి కిత్తనార అయిపోయింది. అప్పుడు జనం ఇళ్ళల్లో ఉన్నదంతా పట్టుకొచ్చి గోడ మీంచి విసరసాగారు. మంచాల నులక విప్పి తెచ్చారు. పశువుల పలుపుతాళ్ళు, ఉయ్యాల తాళ్ళు, దండేలు, ఉట్లు, అన్నీ తెచ్చారు. ముడేసుకోవడానికి పనికొచ్చే పాత పన్నెండు బారల తాళ్ళు కూడా తెచ్చి, వీటినీ విప్పి కలిపెయ్యమన్నారు. కట్టేసేవి లేక బర్రెలు వీధులంట తిరిగి ఒకరి గుమ్మంలో మేసి ఇంకొకరి గుమ్మంలో పడుకున్నాయి. ఉతికిన బట్టలు రాళ్ళ మీద ఎండాయి. ఉట్లు లేని ఇళ్ళల్లో పిల్లుల పంట పండింది. ఊరంతా నేల మీద పడుకుని, నడుములు పట్టేసి, తెల్లారగానే మళ్ళీ వరసలోకి వచ్చేది.

కుండలు చేసే ఆమె ఒక్కతే రాలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వారు. ఆమె ఇంటికీ జనం వెళ్ళారు, కాగులకోసం, గోలేలకోసం. తాడు ఎప్పుడు కొంటావని వాళ్ళే అడిగారు.

"నా పన్నెండు బారలు నాకున్నాయి," అంది ఆమె. "దాంతో ఏం చెయ్యాలో మీరే మరిచిపోయారు."

తాళ్ళు పేనేవాడికి నిద్ర కరువైంది. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, మళ్ళీ బొబ్బలెక్కాయి. పెరట్లో పీచు కుప్ప పిడికెడు, గోడ అవతల వరస ఊరంత. అరుపులు. పేర్లు. నా తాడేదంటే నా తాడేదని. అతను కాలుగాలిన పిల్లిలా గుంజకూ బండకూ మధ్య తిరిగాడు.

ఒకరోజు అతని చెయ్యి మూడో పురి దగ్గర ఆగింది. ఆ పురి మానేస్తే రెండు తాళ్ళ పీచుతో మూడు తాళ్ళొస్తాయి. ఒక ఇంటికి ఎక్కువ అందుతుంది. వాళ్ళకోసమే గదా అనుకున్నాడు. అబద్ధాన్ని ముందు మనసుకే చెప్పుకోవాలి. అది ఒప్పుకుందంటే మిగతావాళ్ళు ఒప్పుకోవడం ఎంతసేపు.

ఆ సాయంత్రం భార్య తాడును వేళ్ళ మధ్య నుంచి లాగింది. వేలు మొదట్లోనే ఆగింది.

"ఇది రెండు పురులది," అంది.

"పైకి తెలీదులే. ఎవరు విప్పి చూడొచ్చారు?"

"నీళ్ళు చూస్తాయి."

"ఆ వరస చూశావా? వొట్టి చేతుల్తో పంపితే మనల్ని బతకనిస్తారా?"

ఆమె కొస పట్టుకోవడం మానలేదు. కానీ ఆ రోజు నుంచి తాడును వేళ్ళతో చూడడం మానేసింది. చివాట్లు పెట్టినా బాగుండేదని అతనికి అనిపించింది.

రెండు పురులకు కూడా పీచు చాలని రోజు అతను నట్టింట్లో ఉన్న మంచం వైపు చూశాడు. పెళ్ళైన ఏడాది ఇద్దరూ కూర్చుని పేనిన నులక అది. ఊళ్ళో నులక మిగిలిన మంచం అదొక్కటే.

"దాని జోలికి రాకయ్యా," అంది ఆమె. "ఈ ఇంట్లో మూడు పురులది అదొక్కటే మిగిలింది."

అతను తల దించుకుని పెరట్లోకి పోయాడు.

ఇక బావికి తీరికన్నది లేకపోయింది. పూర్వం నలుగురు కలిస్తే గానీ దిగని బొక్కెన ఇప్పుడు ఎవరికి తోస్తే వాళ్ళకి దిగింది. రేపు ఉంటాయో ఉండవోనని కాగులు నింపారు, గోలేలు నింపారు, ధాన్యం గాదెల పక్కన తొట్లు నింపారు, పెళ్ళిళ్ళకు దింపే గంగాళాలు దింపి నింపారు. నీళ్ళు నలభై ఎనిమిది బారల నుంచి యాభైకి పోయాయి. రెండేసి బారలు చేర్చి పెట్టమని తాళ్ళు మళ్ళీ పెరటికి వచ్చాయి. నీళ్ళు యాభై మూడుకు పోయాయి.

అప్పుడు తాళ్ళు తెగడం మొదలైంది. మొదట బ్రహ్మచారిది తెగింది. అరువు తెచ్చుకున్న బొక్కెనతో సహా నూతిలో పడింది. తర్వాత రోజుకు నాలుగు తెగాయి, ఆ తర్వాత రోజుకు పది. పైన ముక్క చేతిలో ఉండేది, మిగతాది బొక్కెనతో అడుక్కి పోయేది. జనం పెరటి గోడ దగ్గరికి వచ్చి ఇదేమిటని అడిగారు.

"గిలక పక్కన రాయి కోసేస్తోంది," అన్నాడు తాళ్ళు పేనేవాడు.

వాళ్ళు నమ్మారు. పోయి ఆ రాయికి పాత గుడ్డలు చుట్టారు. రాయికి గుడ్డ చుడుతుంటే అతను అటు చూడలేక పీచు వైపు తిరిగాడు.

అయినా ఎవరికీ అంత దిగులు లేదు. ఇళ్ళ నిండా కుండలున్నాయి, కుండల నిండా నీళ్ళున్నాయి. తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు. వీధిలో బర్రెలు తప్ప మనిషి లేడు.

జ్వరం రానే వచ్చింది. నాలుగు బారల ఎడం అన్నారు గానీ, వారాల తరబడి ఊరంతా వచ్చి నిలబడింది ఒకే సందులో, వస్తువులు విసిరింది ఒకే గోడ మీంచి. మొదట పడింది ఆ గోడ వెనక మనిషే. తాళ్ళు పేనేవాడి భార్య ఒక పొద్దున కొస పట్టుకుని నిలబడలేక బండకు ఆనుకుని జారిపోయింది.

అతను ఆమెను ఎత్తుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి, నీళ్ళకోసం వంటింట్లోకి వెళ్ళాడు. అప్పుడు తెలిసింది. ఊరందరికీ తాళ్ళిచ్చిన ఇంట్లో తాడు లేదు. ఊరంతా నీళ్ళు దాచుకుంటుంటే తాము పేనుతూ కూర్చున్నారు. ఉన్నది ఒకటే కాగు. తొమ్మిది రోజులు గడవాలి.

గరిటెతో కొలిచి పోశాడు. మూడో రోజుకి కాగు సగానికొచ్చింది. తాను తాగడం మానేశాడు. అయిదో రోజుకి అడుగు కనిపించింది. ఆమె నాలుక బయటపెట్టి గరిటెకోసం వెతుక్కునేది, పిట్టపిల్లలాగా. అది చూసి అతను గోడకేసి తల కొట్టుకున్నాడు.

తలుపు తలుపూ తట్టాడు. ఎవరూ తలుపు తియ్యలేదు, కిటికీలోంచే మాట్లాడారు.

"మా ఇంట్లోనూ ఇద్దరు పడ్డారయ్యా."

"మా నీళ్ళు నువ్వు తాగలేవు. చూడు."

ఆ మాటన్న ఇల్లాలు కిటికీలోంచి చెంబు వంచి చూపించింది. పచ్చటి నీళ్ళలో సన్న పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. మూతలు చాలని గోలేల్లో, ఎండలో, నెల్లాళ్ళుగా నిలవున్న నీళ్ళు. పెద్దింటాయన మేడ మీంచి తొంగి చూశాడు. ఆయన గడ్డం పెరిగిపోయింది.

"అమ్మకి వడగట్టి పోస్తున్నానోయ్," అన్నాడు. "నీకేం పెట్టను?"

ఆరో రోజు పొద్దున తాళ్ళు పేనేవాడి కాగులో ఒక్క చెంబెడు నీళ్ళు మిగిలాయి. అతను అవి పక్కన పెట్టి, వొట్టి చేతులతో బావి దగ్గరికి నడిచాడు. అక్కడికి వెళ్ళి ఏం చెయ్యాలో తెలియదు. ఇంట్లో ఉండలేక వెళ్ళాడు.

కుండలామె అప్పటికే అక్కడుంది. భుజాన పన్నెండు బారల పాత తాడు, చేతిలో ఇనప బొక్కెన. ఊళ్ళో మిగిలిన బొక్కెన అదొక్కటే.

"ముక్కలున్నవాళ్ళు ముక్కలు పట్టుకురండి," అని ఆమె వీధిలోకి కేకేసింది. "ముడేద్దాం."

చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత ఒక తలుపు తెరుచుకుంది. ఇంకొకటి. తెగిన తాళ్ళ పై ముక్కలు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి, నాలుగు బారల ఎడంలో ఆగారు. ఒకరి చేతిలో అయిదు బారలు, ఒకరి చేతిలో ఎనిమిది, ఇంకొకరి చేతిలో మూడు. బ్రహ్మచారి అయిదు తుంపులు తెచ్చాడు. పెద్దింటాయన కూడా వచ్చాడు.

కుండలామె మొదటి ముడి వేసింది. రెండో ముడి వేసింది. తాళ్ళు పేనేవాడు ఆ ముక్కల వైపే చూస్తున్నాడు. కుండలామెది తప్ప దాదాపు అన్నీ తన చేతి రెండు పురులవే. చూడగానే పోల్చుకోగలడు. బొక్కెన నిండి బరువెక్కితే ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగితే ఊళ్ళో ఇక బొక్కెనే ఉండదు. ఈ నిజం చెబితే వీళ్ళు తనను తరిమేస్తారు, అప్పుడు భార్య గొంతులో నీళ్ళు పోసేవాళ్ళుండరు. ఊరుకుంటే ఒకవేళ తెగదేమో. ఈ ఒక్కసారికి తెగదేమో.

కుండలామె బొక్కెన ఎత్తి గట్టు మీద పెట్టింది.

"దింపొద్దక్కా," అన్నాడు.

"ఏం?"

"అవి తెగుతాయి."

"రాయికి గుడ్డ చుట్టాంగా," అన్నాడు పెద్దింటాయన.

"రాయి కాదయ్యా. నేను." అతను ముక్కల వైపు చెయ్యి చూపాడు. "అవి రెండు పురులవి. మూడోది నేను మానేశాను."

తిట్లు లేచాయి. కొట్టాలన్నా దగ్గరికి రావాలి గదా, జ్వరానికి జడిసి ఎవరూ రాలేదు. తిట్లకు ఆ ఇబ్బంది లేదు. అతని తాతను తిట్టారు, తండ్రిని తిట్టారు, చేతులు పడిపోవాలన్నారు. అతను నిలబడి అన్నీ తిన్నాడు. అందరికంటే తగ్గిన గొంతుతో పెద్దింటాయన ఒకటే మాటన్నాడు.

"మా అమ్మకోసమని అడిగాన్రా నిన్ను."

"మీ తాడు మూడు పురులదేనయ్యా," అన్నాడు అతను. "మీ తర్వాతే చెయ్యి జారింది."

తిట్లు అయిపోయేదాకా ఆగి, కుండలామె అడిగింది. "ఇప్పుడేం చెయ్యాలో అది చెప్పు."

"విప్పాలి. రెండేసి పురులు విప్పి మూడేసిగా పేనాలి. మూడు తాళ్ళు కలిస్తే రెండు తాళ్ళవుతాయి. ప్రతి ముక్కా కావాలి. ఇంట్లో మూరెడు దాచుకున్నా తియ్యాలి."

"నీ ఒక్కడికీ ఎన్ని రోజులు?"

"మూడు." అతను ఇంటి వైపు చూశాడు. "చెంబెడు నీళ్ళున్నాయి."

ఆమె వీధి వైపు చూసింది. వీధి బావి దగ్గర మొదలై రాళ్ళగుట్ట దాకా తిన్నగా ఉంది. అక్కడ గుంజ లేదు, వీపుకు తగిలే బండా లేదు.

అలా ఆ ఊరు మొదటిసారి తాడు పేనింది. తాళ్ళు పేనేవాడు మొదట్లో నిలబడి ఎలా తిప్పాలో చూపించాడు. నాలుగు బారలకొకరు చొప్పున వీధి పొడుగునా నిలబడ్డారు. ఒకరి చెయ్యి ఒకరికి తగల్లేదు, అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకటే తాడు. దండోరా వేసేవాడు డప్పు కొడితే కుడికి మెలి, మళ్ళీ కొడితే బిగింపు. మధ్యలో పట్టు వదిలినవాడిని అవతలివాళ్ళు తిట్టారు. బర్రెలు అడ్డమొస్తే తోలారు. దాహం వేసిన గొంతులతో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు, ఎండ మాత్రం నడినెత్తికి ఎక్కుతోంది.

మిట్టమధ్యాహ్నం తాడు పూర్తయింది. ఊళ్ళో ఉన్న పీచంతా అందులో ఉంది. కుండలామె పన్నెండు బారలూ అందులో కలిశాయి. బొక్కెన కట్టి దింపారు. సూర్యుడు సరిగ్గా బావి మీద ఉన్నాడు కనక అడుగు దాకా కనిపించింది. బొక్కెన నీడ నీళ్ళ మీద పడింది. బొక్కెన మాత్రం పడలేదు. నాలుగు బారలు తక్కువైంది.

ఎవరి దగ్గరా ఇంకేమీ లేదు. దండేలు, ఉట్లు, మంచాలు, అన్నీ ఎప్పుడో అయిపోయాయి.

తాళ్ళు పేనేవాడు ఇంటికి నడిచాడు. లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. చెంబు అందుకుని భార్య నోట్లో చివరి గుక్క పోశాడు. ఆమె కళ్ళు తెరిచింది. అతను నులక మీద చెయ్యి వేశాడు. మంచం మీంచి మనిషిని నేలకు దించడమంటే ఆ ఊళ్ళో ఒకటే అర్థం. పోయేవాళ్ళనే అలా దించుతారు.

"ఎంత తక్కువైంది?" అంది ఆమె.

"నాలుగు బారలు."

"దించు."

"నా వల్ల కాదే."

"రెండు పురులప్పుడు నీ వల్లయింది గదా," అంది ఆమె. ఆ మాటకు ఒంట్లో ఉన్న శక్తంతా పోయినట్టు కళ్ళు మూసుకుంది. "దించవయ్యా."

అతను దించాడు. నులక విప్పాడు. పేటలు మడిచి, గుమ్మంలో కూర్చుని, ఏడుస్తూ పేనాడు. తెరిచిన తలుపులోంచి ఎదురింటామె లోపలికి చూసింది. మనిషి నేల మీద ఉంది, మంచం ఖాళీగా ఉంది, మొగుడు ఏడుస్తున్నాడు. ఆమె శోకం ఎత్తుకుంది. ఆ శోకం నాలుగు బారలకొక నోరు దాటుకుంటూ బావి దాకా పోయింది. తాళ్ళాయన భార్య పోయిందట, పోయిందట అని.

లోపల్నుంచి సన్నగా మాట వినిపించింది.

"ఇంకా పోలేదు. నీళ్ళు తెమ్మనండి."

నులక తాడు బొక్కెన వైపు కట్టారు. ముడి ఒక్కటే ఉంది కనక గిలక దగ్గర ఇద్దరు కావాలి. తాళ్ళు పేనేవాడు తాడు పట్టుకున్నాడు. ముడి దాటించే చెయ్యికోసం అతను చుట్టూ చూడలేదు, అడిగే మొహం లేక. పెద్దింటాయన పంచె ఎగగట్టి గట్టెక్కాడు. ఇద్దరి మధ్యా నాలుగు బారలు కాదు గదా, మూరెడు కూడా లేదు.

బొక్కెన మునిగిన చప్పుడు అందరూ విన్నారు. తెగలేదు. పైకి వచ్చిన నీళ్ళు బురదగా ఉన్నాయి. అయినా చల్లగా ఉన్నాయి. చెంబులు ఒక్కసారిగా ముందుకు వచ్చాయి, అన్నిటికంటే ముందు పెద్దింటాయన చెంబు.

కుండలామె బొక్కెన మీద చెయ్యి పెట్టింది. "నీళ్ళు తాకిన కొస ఎవరిదో, మొదటి చెంబు వాళ్ళది."

పెద్దింటాయన తన చెంబు వెనక్కి తీసుకున్నాడు. అలా వెనక్కి తీసుకోవడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో తాళ్ళు పేనేవాడు చూశాడు. ఆ తర్వాత ఎన్నడూ దాన్ని మరిచిపోలేదు.

అతని భార్య నేల మీదే తొమ్మిది రోజులు పూర్తి చేసి లేచి కూర్చుంది. ఊరు ఏడుగురిని పోగొట్టుకుంది. అందులో పెద్దింటాయన తల్లి ఒకరు. ఆవిడకు ఆ మధ్యాహ్నమే నీళ్ళు అందాయి, కానీ అప్పటికే నోరు మూసుకుపోయింది. ఆ పాపం జ్వరానిదా, తనదా, వరసదా అని తాళ్ళు పేనేవాడు చాలాకాలం తనలో తాను తేల్చుకోబోయాడు. తేలలేదు.

వానలు పడ్డాయి. నీళ్ళు మళ్ళీ నలభై ఎనిమిది బారలకు వచ్చాయి. మా తాడు మాకిమ్మని జనం వచ్చారు, కానీ అందులో ఎవరి పీచు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ తాడును పన్నెండేసి బారలకు తెగ్గోసి వీధికొకటి ఇచ్చి, మిగతా ఇళ్ళకు కొత్త కిత్తనారతో పన్నెండేసి బారలే పేనాడు. భార్య మళ్ళీ వేళ్ళ మధ్య తాడు లాగి చూడడం మొదలుపెట్టింది. మంచానికి మాత్రం నులక అల్లనివ్వలేదు. పట్టెలూ కోళ్ళూ మిగిలిన ఆ వొట్టి చట్రాన్ని అలాగే గోడకు ఆనించి ఉంచింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున వీధి మొగలో డప్పు మోగింది.

"పై ఊళ్ళో దగ్గు వచ్చిందటహో."

డప్పు ఇంకా ఆగనేలేదు, పెరటి గోడ అవతల పెద్దింటాయన తల కనిపించింది. తాళ్ళు పేనేవాడు తన చేతుల వైపు చూసుకున్నాడు. తనకు తెలియకుండానే వేళ్ళు పీచును పాయలు తీస్తున్నాయి. రెండే పాయలు.

అది భార్య కూడా చూసింది. లోపలికి వెళ్ళి, నులక లేని మంచం మోసుకొచ్చి, గోడ నీడలో వాల్చింది.

"కూర్చోండయ్యా," అంది పెద్దింటాయనతో. "పేనడానికి పొద్దు పడుతుంది."

ఆయన గోడ చుట్టి లోపలికి వచ్చి, కూర్చోబోయి ఆగాడు. పట్టెల మధ్య నుంచి నేల కనిపిస్తోంది. నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. సందులో అప్పుడే పదిమంది పోగయ్యారు, మెడలు సాచి లోపలికి చూస్తున్నారు.

"ఎన్ని బారలయ్యా?" అని అడిగాడు తాళ్ళు పేనేవాడు.

పెద్దింటాయన చెప్పులు విడిచి, పెరటి ఆ చివరకు నడిచి, బండ దగ్గర నేల మీద పడి ఉన్న కొస చేతిలోకి తీసుకున్నాడు.

తాళ్ళు పేనేవాడు మూడో పాయకోసం పీచులోకి చెయ్యి పెట్టాడు.